గజాలు ఒకడివి, భుజాలు అయిదుగురివి

గజం అనే మాట చెవిన పడితే తెలుగువాడికి ముందు ప్లాటు గుర్తొస్తుంది. ఎక్కడ, ఎంత, తూర్పు ముఖమా, ముందు రోడ్డు ఎన్ని అడుగులు అని నాలుగు ప్రశ్నలూ ఒక్క గుక్కలో అడిగేస్తాడు. డాలస్ శివారు ఫ్రిస్కోలో కాపురం పెట్టిన కొత్తలో, 2014 చలికాలంలో, టీవీలో ఒకాయన కౌబాయ్స్ జట్టు పేరెత్తి 1,845 గజాలని గొంతు చించుకుంటుంటే నేనూ వెంచరే అనుకున్నాను. మరీ తప్పుగా ఏమీ అనుకోలేదు లెండి. రెండేళ్ళు తిరిగేసరికి ఆ జట్టు మా ఫ్రిస్కోకే మకాం మార్చి, ప్రధాన కార్యాలయం చుట్టూ హోటలూ దుకాణాలూ లేపి నా అనుమానాన్ని సగం నిజం చేసింది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ గజాలు అమ్మకానివి కావు. డిమార్కో ముర్రే అనే రన్నింగ్ బ్యాక్ ఆ సీజన్లో బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తిన దూరం. మన గజం చదరం, వాళ్ళ గజం నిలువు. అంతకుమించి తేడా లేదు. రెండు చోట్లా పట్టా ఒకడి పేరున ఉంటుంది, ముళ్ళకంపలు కొట్టి నేల చదును చేసినవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

ఈ ముక్క పైకి అన్నందుకు మా పక్కింటాయన నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆయనది మా జిల్లాయే. పుష్కరాలకు వెళ్ళకపోయినా ఆదివారం మధ్యాహ్నం కౌబాయ్స్ ఆట తప్పడు. ముర్రే నంబరు చొక్కా ఉతికితే రంగు పోతుందని ఉతకకుండా దాచుకున్న భక్తుడు.

అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివారి కోసం రెండు మాటలు. బంతి ఉన్న జట్టులో పదకొండుమంది. వాళ్ళలో అయిదుగురు ముందు వరుసలో వంగి కూర్చుంటారు. నడుమ సెంటర్, అటూ ఇటూ గార్డులు, కొసల్లో టాకిల్స్. ఒక్కొక్కడూ నూట నలభై కిలోలకు అటూ ఇటూ తూగుతాడు. వీళ్ళ పని బంతితో కాదు. ముందుకు విసిరిన బంతిని పట్టుకునే హక్కు కూడా రూల్సు వీళ్ళకివ్వలేదు. పట్టుకోవాలనుకుంటే ముందుగా రిఫరీ దగ్గరకు వెళ్ళి విన్నవించుకోవాలి. వీళ్ళ పనల్లా ఎదుటివాణ్ణి తొయ్యడం. తోస్తే ఇద్దరి మధ్య ఒక సందు పడుతుంది. తిరునాళ్ళలో పోలీసు లాఠీ ఊపితే జనం మధ్య పడే సందు లాంటిది. కళ్ళు మూసి తెరిచేలోగా అది పూడుకుపోతుంది. ఆలోగా వెనకనుంచి ఒకడు బంతితో దూరి అవతల తేలుతాడు. కెమెరా అతన్ని పట్టుకుంటుంది. సందు చేసినవాళ్ళు అప్పటికి ఎవరిమీదో బోర్లా పడి ఉంటారు. వాళ్ళను చూపిస్తే అందం చెడుతుందని కాబోలు, చూపించరు.

2014లో ముర్రే ముందున్న అయిదుగురిలో ముగ్గురిని, టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్‌లను, డాలస్ కాలేజీ కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా పంచుకునే డ్రాఫ్ట్‌లో తన మొదటి రౌండు ఎంపికలు ఖర్చుపెట్టి తెచ్చుకుంది. పెళ్ళికి ముందే కల్యాణమంటపం కట్టినట్టు. ఆ మంటపంలో ముర్రే 392 సార్లు బంతి అందుకున్నాడు, లీగులో అందరికన్నా ఎక్కువ దూరం పరిగెత్తాడు, ఆ ఏటి మేటి అటాకింగ్ ఆటగాడు అనిపించుకున్నాడు. మర్నాడు బజారులో తన ధర అడిగాడు. డాలస్ ఇవ్వనన్న ధరను ఫిలడెల్ఫియా ఈగల్స్ ఇచ్చింది. అయిదేళ్ళకు 4 కోట్ల డాలర్లు.

ఇక్కడే నాకు ఈగల్స్ వాళ్ళ తెలివి మీద గౌరవం కలుగుతుంది. అంత సొమ్ము పోసి రన్నర్‌ను తెచ్చుకున్న ఆ సంవత్సరమే, తమ లైనులో పాతుకుపోయిన ఇద్దరు గార్డులను ఇంటికి పంపేశారు. కొత్త కారు కొని, డబ్బు కలిసొస్తుందని రెండు చక్రాలు అమ్ముకున్నట్టు. పైగా డాలస్‌లో ముర్రే, బంతి చేతికందించే క్వార్టర్‌బ్యాక్ వెనక దూరంగా నిలబడి, వేగం పుంజుకుని నేరుగా గోడ మీదికి వచ్చేవాడు. ఈగల్స్ కోచ్ చిప్ కెల్లీ పద్ధతిలో రన్నర్ క్వార్టర్‌బ్యాక్ పక్కన నిలబడి, బంతి అందుకుని అడ్డంగా అడుగులు వెయ్యాలి. బస్తా భుజాన వేసుకుని మెట్లెక్కేవాణ్ణి తెచ్చి కూచిపూడి పళ్ళెం మీద నిలబెట్టారన్నమాట.

మొదటి రెండు ఆటల్లో ముర్రే 21 సార్లు బంతి పట్టాడు. కలిపి 11 గజాలు. మా పెరడు పొడవు అంతకన్నా ఎక్కువ. రెండో ఆట సాక్షాత్తూ పాత పుట్టిల్లు డాలస్ మీదే, 13 పరుగులకు రెండంటే రెండు గజాలు. ఏడాది మొత్తానికి 702. ఆ సీజన్ చివరి ఆటకు ముందే కోచ్ ఉద్యోగం ఊడింది. ముర్రేను టెనెసీకి సాగనంపారు. అక్కడ నేరుగా గుద్దుకుపోయే పద్ధతి దొరికేసరికి 1,287 గజాలు పరిగెత్తాడు. ఏడాది పాటు ఆ కాళ్ళకేం రోగమొచ్చిందని ఫిలడెల్ఫియా డాక్టర్లెవరూ చెప్పలేకపోయారు. కాళ్ళకు రోగం ఉంటేగా చెప్పడానికి!

మరి డాలస్ ఏమైంది? దేవుడు వెళ్ళిపోయాక గుడి మూతపడాలి కదా. పడలేదు. డారెన్ మెక్‌ఫాడెన్ అని ఒకాయన ఓక్లాండ్‌లో మూడేళ్ళుగా పరుగుకు మూడున్నర గజాలు కూడా లాగలేక, ఇక ఇతని పని అయిపోయిందనిపించుకుని డాలస్ వచ్చాడు. ఆ మంటపంలో నిలబెట్టగానే 1,089 గజాలు, పరుగుకు 4.6. జట్టు ఆ ఏడు 16 ఆటల్లో 12 ఓడింది, క్వార్టర్‌బ్యాక్ రోమో చాలావరకు గాయంతో కూర్చున్నాడు. అయినా లెక్క అది. మరుసటేడు కుర్రాడు ఎజికీల్ ఎలియట్ వచ్చి 1,631 గజాలతో లీగులోనే మొదటివాడయ్యాడు. మా పక్కింటాయన ఈసారి ఎలియట్ చొక్కా కొన్నాడు. మూడేళ్ళలో మూడు చొక్కాలు. జాక్ మార్టిన్ చొక్కా ఒక్కటి కొనుక్కుని ఉంటే పదేళ్ళు వచ్చేదండీ అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు, పెళ్ళిలో పెళ్ళికొడుకును వదిలేసి వంటవాడితో ఫొటో దిగమన్నవాణ్ణి చూసే చూపు.

ఈ వంటశాల రహస్యం అమెరికాలో అందరికన్నా బాగా తెలిసిన కుటుంబం షానహాన్‌లది. తండ్రి మైక్ షానహాన్ 1995లో డెన్వర్ బ్రాంకోస్‌కు కోచ్‌గా వచ్చాడు. లైను పని ఆలెక్స్ గిబ్స్ అనే ఆయన చేతిలో పెట్టాడు. గిబ్స్ పద్ధతిలో ఒక్కో లైన్‌మన్‌కు ఒక్కో మనిషిని కాకుండా ఒక్కో జాగాను అప్పగిస్తారు. బంతి కదలగానే అయిదుగురూ ఒకే దిక్కుకు, ఒకే అడుగు మీద కదులుతారు. నాట్లు వేసే వరుసలా. ఎదుటి జట్టు కూడా అటే కొట్టుకుపోతుంది. ఎక్కడో ఒకచోట చేనుగట్టు తెగినట్టు తెగుతుంది. ఇందుకు కొండలు పనికిరావు, చురుకైనవాళ్ళు కావాలి. గిబ్స్ ఏరుకున్నవాళ్ళు ఆ వృత్తిలో బక్కపలచని వాళ్ళు. రన్నర్‌కు ఒక్కటే ఆజ్ఞ. నాట్యం చెయ్యకు, ఒక్కసారి పాదం గట్టిగా ఊని మలుపు తీసుకో, ఆపైన వెనక్కి చూడకు.

ఆ అంగడిలో మొదట గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు టెరెల్ డేవిస్. ఆరో రౌండులో 196వ పేరుగా, అంటే దాదాపు అందరూ ఇంటికెళ్ళాక పిలిచిన పేరుగా వచ్చాడు. 1998లో 2,008 గజాలు పరిగెత్తాడు. మరుసటేడు మోకాలు పోయింది. డెన్వర్ కంగారు పడలేదు. ఓలాండిస్ గారీని కూర్చోబెట్టింది: 1,159. గారీ మోకాలూ పోయింది. మైక్ ఆండర్సన్‌ను కూర్చోబెట్టింది: 1,487. ఈయనా ఆరో రౌండే, అంతకు ముందు సైన్యంలో పనిచేసి వచ్చాడు. తర్వాత క్లింటన్ పోర్టిస్: మొదటేడు 1,508, రెండో ఏడు 1,591. ఇక్కడ షానహాన్ చేసిన పని చూడండి. వరసగా రెండేళ్ళు పదిహేను వందలు దాటిన రన్నర్‌ను వాషింగ్టన్‌కిచ్చి, బదులుగా చాంప్ బెయిలీ అనే డిఫెండర్‌నూ, పైన కొసరుగా రెండో రౌండు ఎంపికనూ పుచ్చుకున్నాడు. వాషింగ్టన్‌లో మొదటేడు పోర్టిస్ సగటు 5.5 నుంచి 3.8కి జారింది. డెన్వర్‌లో ఆ ఏడు గల్లా దగ్గర కూర్చున్నది రూబెన్ డ్రౌన్స్. అతన్ని అంతవరకు వాడుకున్నదే పక్కవాడికి దారి చెయ్యడానికి. అతనూ 1,240 లాగాడు. ఆపైన టేటమ్ బెల్. పన్నెండేళ్ళలో ఆరుగురు వెయ్యి దాటారు. ఆరు మొహాలు మారినా నడుమ సెంటర్‌గా బంతి అందించినవాడు, గాయాల రోజులు మినహా, టామ్ నేలెన్ ఒక్కడే. ఆయన పేరు మీలో ఎంతమంది విన్నారు? నేనూ ఈ వ్యాసం రాయడానికి కూర్చునేదాకా వినలేదు.

(డ్రౌన్స్ మరుసటేడు క్లీవ్‌లాండ్ వెళ్ళి అక్కడా 1,232 గజాలు పరిగెత్తి నా వాదనకు చిన్న దెబ్బ కొట్టాడు. వ్యంగ్యం రాసేవాడు ఇలాంటి లెక్కలు బ్రాకెట్లో పెడతాడు.)

ఇంకో తమాషా ఏమిటంటే, గిబ్స్ లైన్‌మెన్ పత్రికలవాళ్ళతో మాట్లాడేవాళ్ళు కారు. అది వాళ్ళ కట్టుబాటు. ఊరు ఊరంతా పరుగుల వీరుణ్ణి పొగుడుతుంటే పొయ్యి దగ్గర మనుషులు నోరు కుట్టుకుని కూర్చునేవాళ్ళు. అడిగినా చెప్పని మంత్రానికి విలువెక్కువ కదా. ఆ మంత్రం షానహాన్ వెంట వాషింగ్టన్ కూడా వెళ్ళింది. 2012లో మళ్ళీ ఆరో రౌండులో ఆల్ఫ్రెడ్ మోరిస్ అనే కుర్రాణ్ణి ఏరుకొచ్చి 1,613 గజాలు పరిగెత్తించాడు. ఆ పక్కనే కొత్త క్వార్టర్‌బ్యాక్ గ్రిఫిన్ తనూ పరిగెత్తగలవాడు కావడంతో, బంతి ఎవరి చంకలో ఉందో తేల్చుకునేలోగా ఎదుటివాళ్ళ పుణ్యకాలం గడిచిపోయేది. ఆ తర్వాత వ్యాపారం కొడుకు కైల్ చేతికొచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన రహీమ్ మోస్టర్ట్‌ను నిలబెట్టాడు. ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో పిలవని, ఆరు జట్లు గెంటేసిన మనిషి. 2020 జనవరిలో, సూపర్ బౌల్ అనే ఫైనల్ గుమ్మం ముందరి ఆటలో, మోస్టర్ట్ 220 గజాలు పరిగెత్తి నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. ఆ రోజు వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ గరాపలో బంతి విసిరింది ఎనిమిదంటే ఎనిమిది సార్లు. మిగతా సమయమంతా ఆయన కూడా మనలాగే చూస్తూ కూర్చున్నాడు.

సత్యం ఒప్పుకున్న రన్నర్లు లేరా? ఉన్నారు. ఓ.జే. సింప్సన్ మొదటి మూడేళ్ళు బఫలోలో అంతంత మాత్రం. కోచ్ మారి, లైను మారాక 1973లో 14 ఆటల్లోనే 2,003 గజాలు పరిగెత్తాడు. రెండు వేలు దాటిన మొదటి మనిషి. సింప్సన్ ముద్దుపేరు జ్యూస్. ఆ మాటకు అక్కడ కరెంటు అని కూడా అర్థం. అందుకని ఆయన లైనుకు ఎలక్ట్రిక్ కంపెనీ అని పేరు పడింది. రికార్డు కొట్టిన రోజు సింప్సన్ విలేఖరుల ముందుకు ఒంటరిగా వెళ్ళక, లైన్‌మెన్‌తో సహా తోటివాళ్ళందరినీ వెంటపెట్టుకు వెళ్ళి పేరుపేరునా పరిచయం చేశాడు. తర్వాతి జీవితంలో ఆయన ఏ కారణంగా లోకానికంతా తెలిశాడో అది వేరే కథ. కానీ ఆ సాయంత్రం మాత్రం బిల్లు కట్టాల్సిన చోటే కట్టాడు.

బహుమతులిచ్చే పెద్దలకు ఆ బుద్ధి రాలేదు. కాలేజీ ఆటలో హైస్‌మన్ ట్రోఫీ 1935 నుంచి ఇస్తున్నారు. బంతికి దారి చేసే లైన్‌మన్ ఒక్కడికీ ఇవ్వలేదు. సరిగ్గా ఆ 1973లోనే ఒహాయో స్టేట్ లైన్‌మన్ జాన్ హిక్స్ రెండో స్థానం దాకా వెళ్ళాడు. మొదటి స్థానం మళ్ళీ రన్నింగ్ బ్యాక్‌కే. వృత్తి ఆటగాళ్ళ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అత్యంత విలువైన ఆటగాడి బిరుదు కూడా అంతే. దారి చేసే లైన్‌మన్ ఆ గుమ్మం తొక్కలేదు, కానీ 1982లో ఒక కిక్కర్‌కు, మార్క్ మోస్లీకి ఇచ్చారు. అదే సీజన్లో డిసెంబరు 12న ఫాక్స్‌బరోలో మంచు తుఫాను. న్యూ ఇంగ్లండ్ కిక్కర్ బంతి పెట్టుకునే చోటు కనబడక నిలబడితే, మంచు ఊడ్చే ట్రాక్టర్ ఒకటి మైదానంలోకి వచ్చి కాస్తంత మేర శుభ్రం చేసి వెళ్ళింది. ఆట మయామీ మీద 3–0తో గెలిచారు. ట్రాక్టర్ నడిపినవాడు జైలునుంచి ఆ పూట పనికి వచ్చిన ఖైదీ. ఆ ట్రాక్టర్‌ను ఇప్పుడు ఆ జట్టు మ్యూజియంలో పెట్టారు. దారి చేసినందుకు ఏ గార్డుకూ దక్కని వైభవం ఒక ట్రాక్టర్‌కు దక్కింది. 1920లో పుట్టిన లీగు, తన సాలీనా సత్కారాల సభలో లైన్‌మన్‌కంటూ ఒక కుర్చీ వేసింది 2025లో. ఇందులో పెద్ద చమత్కారం, సూపర్ బౌల్ గెలిచినవాళ్ళు ముద్దుపెట్టుకునే వెండి ట్రోఫీకి విన్స్ లాంబార్డీ పేరు పెట్టడం. ఆయన కాలేజీలో ఆడింది గార్డుగానే.

లైన్‌మన్ నంబరు మైదానంలో అసలు వినబడదని కాదు. వినబడుతుంది. ఎదుటివాణ్ణి చొక్కా పట్టి లాగాడనుకోండి, పసుపు గుడ్డ పడుతుంది, రిఫరీ మైకు తీసుకుంటాడు, ఫలానా నంబరు, హోల్డింగ్, పది గజాలు వెనక్కి అని డెబ్బై వేలమందికి చెబుతాడు. అరవై సార్లు సక్రమంగా తోసినందుకు మౌనం, అరవై ఒకటోసారి లాగినందుకు చాటింపు.

ఇంతవరకు చదివిన మా పక్కింటాయన ఊరుకోలేదు. “మాస్టారూ, అంతా లైనుదే అయితే ఆ 1993 సంగతేమిటో చెప్పండి మరి,” అన్నాడు. దొరికిపోయాను. ఆ ఏడు డాలస్ రన్నర్ ఎమిట్ స్మిత్ జీతం తేలక ఇంట్లో కూర్చున్నాడు. డాలస్ అప్పటికి చాంపియన్. లైను అదే, కోచ్ అతడే, క్వార్టర్‌బ్యాక్ అతడే. ఎమిట్ చోట కొత్త కుర్రాడు లాసిక్‌ను పెట్టారు. వరసగా రెండు ఆటలూ ఓడారు. రెండో ఓటమి తర్వాత జట్టు డిఫెండర్ చార్లెస్ హేలీ డ్రెస్సింగ్ రూం గోడకు హెల్మెట్ విసిరి కొట్టాడు. యజమాని జెర్రీ జోన్స్ చెక్కు మీద సంతకం పెట్టాడు. ఎమిట్ వచ్చాడు, మళ్ళీ సూపర్ బౌల్ గెలిచారు, ఎమిట్ ఆ సీజన్‌కూ ఆ ఆఖరి ఆటకూ అత్యంత విలువైనవాడయ్యాడు. ఇక డెట్రాయిట్‌లో బారీ శాండర్స్ అయితే సందు ఉన్న చోట పరిగెత్తినవాడు కాదు. లేనిచోట అటూ ఇటూ నాలుగు గజాలు వెనక్కి తిరిగి, మనుషులు జారిపడ్డాక వెళ్ళినవాడు. నేను ఒప్పుకుంటాను. తలుపు తీసినంత మాత్రాన అందరూ లోపలికి ఒకేలా రారు.

సాక్వాన్ బార్క్‌లీనే చూడండి. న్యూయార్క్ జెయింట్స్ 2018లో రెండో ఎంపికగా తెచ్చుకుని, ముందు కూలిన ప్రహరీ లాంటి లైను పెట్టి, ఆరేళ్ళు గోడకేసి కొట్టించారు. 2023లో అతని సగటు 3.9. మరుసటేడు ఫిలడెల్ఫియా వెళ్ళాడు. ఈసారి ఆ ఊరివాళ్ళు చక్రాలు అమ్ముకోలేదు. లేన్ జాన్సన్, లాండన్ డికర్సన్ వంటివాళ్ళు, వాళ్ళ పక్కన ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడుతూ వచ్చి, అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క ఆట ఆడకుండానే ఏడో రౌండులో ఎంపికైన 165 కిలోల జోర్డన్ మైలాటా. వీళ్ళను తీర్చిదిద్దిన కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్. ఈ దండు వెనక అదే బార్క్‌లీ, అవే కాళ్ళు, సగటు 5.8, మొత్తం 2,005 గజాలు. నవంబరులో ఒకరోజు ఎదుటివాడి వైపు వీపు పెట్టి, వెనక్కి వెనక్కే అతని తల మీదుగా గెంతాడు. అది ఏ లైనూ నేర్పింది కాదు. అది బార్క్‌లీ సొంతం, దండం పెడతాను. కానీ సూపర్ బౌల్లో కాన్సాస్ సిటీ వాళ్ళు బార్క్‌లీ ఒక్కణ్ణి ఆపితే చాలనుకుని అటే గుమిగూడారు. 25 పరుగులకు 57 గజాలే వచ్చాయి. జట్టు మాత్రం 40–22తో గెలిచింది. జనమంతా ఇతని చుట్టూ మూగడం వల్ల అవతల ఖాళీ అయిన చోట మిగతావాళ్ళు ఆడుకున్నారు. ఆ రోజు దారి చేసినవాడు బార్క్‌లీ.

ఇప్పుడు అసలు దొంగల దగ్గరికొద్దాం. ఇంతసేపూ నేను చెప్పిన సిద్ధాంతం ఈ లోకంలో అందరికన్నా ముందు నమ్మినవాళ్ళు జట్ల యజమానులు. చొక్కాలమ్మేటప్పుడు, టికెట్లమ్మేటప్పుడు, బొమ్మ గోడకెక్కించేటప్పుడు రన్నరే దేవుడు. జీతం మాట్లాడదామని దేవుడు ఆఫీసు గదిలోకి వచ్చాడా, అప్పుడు రెండో జేబులోంచి డెన్వర్ లెక్కల కాగితం బయటికి వస్తుంది. “నీదేముంది నాయనా, అంతా లైను మహిమ, ఆరో రౌండులో ఇంకొకడు దొరుకుతాడు” అంటారు. 2023లో ఆటగాణ్ణి ఏడాదిపాటు కట్టిపడేసే ముద్ర ధర లైన్‌మన్‌కు 1.82 కోట్ల డాలర్లు, రన్నింగ్ బ్యాక్‌కు 1.01 కోట్లు. కిక్కర్లను పక్కన పెడితే అందరికన్నా తక్కువ. ఆ ముద్ర పడ్డవాళ్ళలో బార్క్‌లీ ఒకడు. అంతకు ముందేడు 1,653 గజాలతో లీగులో మొదటివాడైన జోష్ జేకబ్స్ ఇంకొకడు. ఆ జులైలో రన్నర్లంతా జూమ్‌లో సమావేశమై ఒకరి గోడు ఒకరు చెప్పుకున్నారు. మన ఐటీ కుర్రాళ్ళు లేఆఫ్‌ల రాత్రి పెట్టుకునే కాల్ లాంటిదే. చర్యలేమీ తేలలేదు, మనసు మాత్రం తేలికైంది.

వాళ్ళకన్నా ముందే ఈ ముద్రకు ఎదురు తిరిగినవాడు లెవియన్ బెల్. 2018లో పిట్స్‌బర్గ్ ముద్రను కాదని ఏడాది మొత్తం ఆడలేదు. అతని చోట జేమ్స్ కానర్ 13 ఆటల్లో 973 గజాలు పరిగెత్తాడు, బెల్ కిందటేటి సగటు కన్నా మెరుగ్గా. బెల్ మీద అందరికన్నా ఎక్కువ కోపగించుకుని పత్రికలకెక్కింది ఎవరనుకున్నారు? అతని లైన్‌మెన్. యజమాని రెండు జేబుల మధ్య నలిగిన ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటుంటే యజమాని పొదుపు చేసుకున్నాడు. బెల్ మరుసటేడు న్యూయార్క్ జెట్స్‌కు వెళ్ళాడు. నాలుగేళ్ళకు 5.25 కోట్ల డాలర్ల ఒప్పందం. ముందు లైను లేదు. 789 గజాలు వచ్చాయి. ఏడాది సగటు జీతంతో భాగిస్తే గజం పదహారు వేల డాలర్ల పైమాటే. జూబ్లీహిల్స్‌లో కార్నర్ ప్లాటుకు కూడా ఆ ధర లేదు.

నాకొక్కటే సందేహం. రన్నర్ గొప్పతనం ముందున్న అయిదుగురిదని అంత బాగా తెలిసిన యజమానులు ఆ లెక్క తమ దాకా ఎందుకు తెచ్చుకోరు? డాలస్ జట్టు ఆడే ఆర్లింగ్టన్ స్టేడియం 2009లో తెరిచారు. దాని కోసం 2004లో ఊరివాళ్ళు ఓటు వేసి, 32.5 కోట్ల డాలర్లు ఊరి తరఫున ఒప్పుకున్నారు. అమ్మకం పన్ను అర సెంటు పెంచారు. హోటలు గది మీదా, అద్దె కారు మీదా పన్ను వేశారు. అక్కడ చెప్పులు కొన్న ప్రతివాడూ, కారు అద్దెకు తీసుకున్న ప్రతివాడూ జోన్స్‌గారికి ఎడమవైపు గార్డు. ఆ గార్డుల పేర్లు స్టేడియం గోడ మీద నేనైతే చూడలేదు.

మా సొంత గోడు చెప్పి ముగిస్తాను. మావాడు హైస్కూల్లో చేరాడు. ఒళ్ళు చూసి కోచ్ గార్డుగా పెట్టాడు. మా ఆవిడ మొదటి వారమే కోచ్‌ను నిలదీసింది, “మావాడికి బంతి ఎప్పుడిస్తారండీ?” అని. నేను పక్కనుంచి సైగ చేస్తూనే ఉన్నాను; ఇన్ని పేజీలు రాసినవాణ్ణి కదా. నిజం చెప్పొద్దూ, అడిగేవరకు నాకూ నిద్ర పట్టలేదు. సీజన్ చివర గుంటూరులో ఉన్న అమ్మకు చూపిద్దామని ఆట మొత్తం ఫోన్లో తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే గంటన్నర వీడియోలో ఉన్నది వేరేవాళ్ళ అబ్బాయి. బంతి ఎటు వెళితే నా చెయ్యీ అటే వెళ్ళింది.

అయినా పంపాను. అమ్మ ఫోన్ చేసింది.

“ఏడిరా మన బుడ్డోడు?”

“ఆ పరిగెత్తేవాడికి ముందు, కింద పడ్డవాడి మీద ఉన్నాడు చూడమ్మా.”

“అయ్యో, లేవమనరా, కిందవాడికి ఊపిరాడదు.” కాసేపాగి మళ్ళీ అంది. “చివర్లో మైకులో నంబరు చదివారు, మనవాడి చొక్కా మీదదేగా? జనం కూడా ఏదో అరిచారు. బహుమతేమైనా వచ్చిందా?”

అది హోల్డింగ్. పది గజాలు వెనక్కి.

“అవునమ్మా,” అన్నాను.